చిన్న స్టేషన్లో పనిచేసేవాళ్ళకి ఏ ఇయర్ మఫ్ నప్పుతుంది?

ముందే తేల్చి చెప్పేస్తాను. ఇయర్ మఫ్ అంటే మోతనుంచి కాపాడటానికి చెవుల్ని మూసే కప్పుల జత. ఎన్ని డెసిబెల్స్ మోత తగ్గిస్తుందో చెప్పే నంబరు డబ్బా మీద ఉంటుంది, అది ఎక్కువుందని పెద్ద మఫ్ కొనకండి. రీజనల్ ఎయిర్‌లైన్ స్టేషన్లో మనం చేసే పనికి మధ్యరకం నంబరుండి, పట్టీ మెడ వెనక్కి వచ్చే మఫ్ చాలు. తలమీద పట్టీ ఉన్న బరువైన మఫ్, ఫోమ్ ప్లగ్గులు, ఎలక్ట్రానిక్ మఫ్ అన్నీ వాడి చూశాకే ఈ మాట అంటున్నాను. కంపెనీల పేర్లు రాయను. ఒకే రకం మఫ్‌ని చాలా కంపెనీలు చేస్తున్నాయి, మీరు చూసుకోవాల్సింది రకమే.

పెద్ద ఎయిర్‌పోర్టుల్లో కౌంటర్ వాళ్ళు కౌంటర్లో ఉంటారు, ర్యాంపు వాళ్ళు ర్యాంపు మీద, అంటే విమానాలు ఆగేచోట ఉంటారు. మనకా భాగ్యం లేదు. నేను చెకిన్ మూసి, గేటుకి పరిగెత్తి బోర్డింగ్ పాసులు స్కాన్ చేసి, మెట్ల దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టి, విమానంలో బరువుల లెక్క రాసిన లోడ్ షీట్ మీద కెప్టెన్ సంతకం తీసుకుని, విమానం కదిలాక మళ్ళీ లోపలికొచ్చి బ్యాగు రాని ప్యాసింజరుకి ఫారం రాసిస్తాను. అన్నిటికీ మనిషిని నేనే. అంటే మఫ్ పెట్టుకుని అలాగే ఉండిపోయే అవకాశం లేదు, ఒక్క విమానానికే ఎన్నోసార్లు పెట్టి తీయాలి. దుకాణాల సైట్లలో కనిపించే రివ్యూలు ఎక్కువగా గడ్డి కోసేవాళ్ళు, తుపాకీ కాల్చడం నేర్చుకునేవాళ్ళు రాసినవి. మధ్యలో ఎవరూ వచ్చి వాళ్ళని "మేడమ్, నా సీటు కిటికీ పక్కదేనా?" అని అడగరు.

ఈ తీయడం దగ్గరే అసలు లెక్క ఉంది. మఫ్ 30 డెసిబెల్స్ తగ్గిస్తుందనుకుందాం. 8 గంటల మోతలో 48 నిమిషాలు, అంటే పదోవంతు సమయం, దాన్ని తీసేస్తే మొత్తంమీద మీకు దక్కే రక్షణ 10 డెసిబెల్స్ దాటదు. మిగతా తొమ్మిది వంతులూ ఎంత గట్టిగా బిగించుకున్నా అంతే. డెసిబెల్స్ లెక్క మామూలు కూడికల్లా నడవదు, 3 పెరిగితే చెవిలోకెళ్ళే శక్తి రెట్టింపవుతుంది. అమెరికాలో పనిచోట ఆరోగ్యం, భద్రత గురించి పరిశోధించే నియాష్ అనే సంస్థ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు ఉండొచ్చు. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు. 100కి చేరితే 15 నిమిషాలే. మన టర్న్‌అరౌండే, అంటే విమానం వచ్చి ఆగినప్పటినుంచి మళ్ళీ కదిలేదాకా, అంతకంటే ఎక్కువసేపు పడుతుంది కదా. అందుకని నన్నడిగితే, తీయబుద్ధి కానిదే మంచి మఫ్.

మోత అంటే ఎలాంటిదో ఏటీఆర్ అనే ప్రొపెల్లర్ విమానం దగ్గర పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. చాలా జెట్ విమానాలకి తోకలో ఏపీయూ అని చిన్న ఇంజను ఉంటుంది, నేలమీద కరెంటూ ఏసీ అదే ఇస్తుంది. ఏటీఆర్‌కి అది లేదు. దాని బదులు కుడి ఇంజను నడుస్తుండగానే దాని ప్రొపెల్లర్‌ని బ్రేకు వేసి ఆపేస్తారు. దీన్నే హోటల్ మోడ్ అంటారు. రెక్క తిరగడం లేదు కదా అని కొత్తగా వచ్చిన పిల్లలు నిశ్చింతగా దగ్గరికెళ్ళిపోతారు, ఇంజను మాత్రం లోపల కూస్తూనే ఉంటుంది. ప్యాసింజర్లు ఎడమవైపు వెనక తలుపునుంచి ఎక్కుతారు కాబట్టి వాళ్ళకి కొంత నయం. కుడివైపు వెనక సర్వీసు తలుపు దగ్గర పని ఉన్నవాళ్ళకి ఆ కూతా, వేడిగాలీ, కిరోసిన్ వాసనా మొత్తం దక్కుతాయి. జీపీయూ, అంటే నేలమీదనుంచి విమానానికి కరెంటిచ్చే బండి, తగిలిస్తే ఇంజను ఆపొచ్చు. అయితే జీపీయూ కూడా డీజిల్‌దైతే దాని రొద దానికుంటుంది.

ఇక వస్తువుల సంగతి. పెద్ద మఫ్ మీద ఎన్ఆర్ఆర్ 31 అని రాసి ఉంది, ముందు చెప్పిన నంబరు ఇదే. పెట్టుకోగానే హాయిగా ఉన్న మాట నిజం. ఆ హాయే ఇబ్బంది కూడా. వెనక ట్రాక్టరు వస్తున్నా తెలియదు, రేడియోలో పిలిచినా వినపడదు, ఏమన్నారో విందామని ఒక కప్పు ఎత్తి పట్టుకోవాల్సి వస్తుంది. ఎత్తగానే పైన చెప్పిన లెక్క మొదలైనట్టే. పైగా డబ్బా మీద నంబరు ల్యాబ్‌లో తేల్చింది. నియాష్ 1998లో ఇచ్చిన సలహా మఫ్‌ల నంబరులో పావు వంతు, చేత్తో నలిపి పెట్టుకునే ఫోమ్ ప్లగ్గుల నంబరులో సగం కొట్టేసి చూసుకోమని.

ఫోమ్ ప్లగ్గులు సరిగ్గా పెడితే బాగా పనిచేస్తాయి. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో నొక్కి పట్టుకోవాలి. బ్యాగు ట్యాగులు పట్టుకున్న చేత్తో, కోన్ల దుమ్ము అంటిన వేళ్ళతో, ఎదురుగా 70 మంది బస్సు దిగుతుంటే ఇదంతా ఎవరు చేస్తారు? బాగా మోత ఉన్నరోజు మఫ్ కింద ప్లగ్గు కూడా పెట్టుకుంటే రెండు నంబర్లూ కలిసిపోవు, పెద్దదాని మీద ఓ 5 డెసిబెల్స్ కలుస్తాయంతే.

ఎలక్ట్రానిక్ రకం మా డ్యూటీ మేనేజర్‌ది. మాటల్ని లోపలికి పంపి, మోత హద్దు దాటితే ఆపేస్తుంది. ఇష్టంగానే అడిగి తీసుకున్నాను. బయట గాలి కొడితే మైకులో బుసబుస. టర్న్‌అరౌండ్ మొత్తం మోత హద్దు పైనే ఉంటుంది కాబట్టి అది మాటల్ని పంపే సందర్భమే తక్కువ. పైగా బ్యాటరీలొకటి. తిరిగిచ్చేశాను.

నిజానికి ర్యాంపు మీద మాటల అవసరం అనుకున్నంత ఉండదు. చక్రాలకి చాక్స్ (కదలకుండా అడ్డుపెట్టే దిమ్మలు) పెట్టామంటే రెండు పిడికిళ్ళు, బొటనవేళ్ళు లోపలికి. తీశామంటే బొటనవేళ్ళు బయటికి. ఇవి చాలాచోట్ల ఒకటే. మిగతావి మేమే కల్పించుకున్నాం. మా లోడర్ల పెద్దన్న విమానం ఆలస్యంగా దిగిన రోజు దూరంనుంచే వేళ్ళతో 9, 3 చూపించి నవ్వుతాడు. ఆలస్యానికి కారణం చెప్పే డిలే కోడ్‌లలో 93 అంటే ముందు ఫ్లైట్ ఆలస్యంవల్ల ఈ విమానమూ ఆలస్యమైందని. తప్పు మనది కాదని కాగితం మీదే ఉంటుంది, ఇక గొడవే లేదు. అదే 32 అయితే లోడింగ్ నెత్తికి, 15 అయితే బోర్డింగ్ నెత్తికి, అంటే నా నెత్తికి. విమానం వెళ్ళాక ఆఫీసులో మఫ్‌లు మెడలో వేసుకునే ఆ పంచాయితీ నడుస్తుంది. "అన్నా, నా ఆఖరి ప్యాసింజరు ఎక్కేసరికి నీ కార్గో తలుపు తెరిచే ఉంది" అని నేను. "నువ్వు ఆఖరి నిమిషంలో పంపిన మూడు బ్యాగులు ఎవరు మోశారమ్మా?" అని ఆయన. ఎవరైనా బొటనవేళ్ళు బయటికి తిప్పారంటే ఇక చాలు, ఇళ్ళకి పోదాం అని అర్థం.

నేను సొంతంగా కొనుక్కుని ఇప్పుడు వాడుతున్నది మెడపట్టీ మఫ్, ఎన్ఆర్ఆర్ 22. ఆడవాళ్ళకి దీన్ని ప్రత్యేకంగా చెబుతాను. యూనిఫాం నియమం ప్రకారం ముడి వేసి నెట్ పెట్టుకోవాలి కదా, తలమీద పట్టీ అయితే ఆ ముడి దగ్గర జారి కప్పు చెవి కిందికి దిగిపోతుంది. మెడపట్టీ ముడి కింద నుంచి పోతుంది. అక్కర్లేనప్పుడు మెడలోకి జారుస్తాను, కౌంటర్లో ఎక్కడ మరిచిపోయానా అని వెతుక్కునే పని లేదు. రేడియోలో గట్టిగా పిలిస్తే తెలుస్తుంది. అందుకే టర్న్‌అరౌండ్ అయ్యేదాకా తీయడం లేదు, నాకు కావలసింది అదే.

లోపాలూ ఉన్నాయి. రిఫ్లెక్టివ్ జాకెట్ కాలరు ఎత్తుగా ఉంటే పట్టీని పైకి తోస్తుంది, వంగి ట్యాగు చూసినప్పుడల్లా సర్దుకోవాలి. కప్పుల పైనుంచి వచ్చే సన్నని గుడ్డపట్టీ ఒకటి బరువు మోస్తుంది, దాన్ని మీ తలకి తగ్గట్టు బిగించుకోకపోతే చెవులు నొప్పెడతాయి. కళ్ళద్దాలవాళ్ళు కొనేముందు అద్దాలు పెట్టుకునే వేసి చూడండి. లావు కాడ ఉంటే కుషన్ చర్మానికి ఆనక సందు మిగులుతుంది, మోత అందులోంచి దర్జాగా వస్తుంది. కౌంటర్ కోసం వేసుకున్న ఫౌండేషన్ అంతా నల్ల కుషన్‌కి అంటుకుని చారలు కడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది గానీ స్పిరిట్ వాడొద్దు, కుషన్ గట్టిపడుతుంది.

స్టేషన్ వాళ్ళు గోడకి తగిలించే ఉమ్మడి మఫ్‌ల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ముందు షిఫ్ట్‌లో ఎవరు వాడారో వాసన చూసి చెప్పొచ్చు. వాటి కుషన్లు ఎండి పగుళ్ళొచ్చినా ఎవరూ మార్చరు. పగిలిన కుషన్ ఉన్న మఫ్‌కి ఎంత నంబరున్నా లాభం లేదు. రోజూ వాడేవాళ్ళు ఏడాదికి రెండుసార్లైనా కుషన్లూ, కప్పు లోపలి ఫోమూ మార్చాలి. అందుకని ఏ రకం కొన్నా సరే, ఆ మోడల్‌కి విడి కుషన్ సెట్ దొరుకుతుందో లేదో చూసి, ఒక సెట్ మఫ్‌తోపాటే తెప్పించుకుని, మీ పేరు రాసి లాకర్లో పెట్టండి. పేరు పట్టీ లోపలివైపు రాయండి. బయట రాస్తే మా పెద్దన్న దాని పక్కన 93 అని రాసేశాడు.