ఆర్‌ఆర్‌ఎస్‌పీ కోసం అప్పు చేయాలా, ఆగాలా? ఏది మేలు?

ఏడాది ముగిశాక మొదటి 60 రోజుల్లో ఆర్‌ఆర్‌ఎస్‌పీ అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో వేసిన సొమ్మును కూడా పన్ను లెక్కలో నిరుటి ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. అందుకే ఫిబ్రవరి వచ్చిందంటే కెనడా బ్యాంకులు ఆర్‌ఆర్‌ఎస్‌పీ లోన్ల పాట ఎత్తుకుంటాయి. మొత్తం అప్పు తెచ్చి వేయొచ్చు, చేతిలో ఉన్నదానికి కొంత అప్పు కలపొచ్చు, లేదా అప్పు జోలికే పోకుండా జీతంలోంచి నెలనెలా వేసుకోవచ్చు.

నేనైతే కొంత అప్పు వైపే మొగ్గుతాను. మీ దగ్గర 7,000 డాలర్లున్నాయి, మీ ఆదాయంలో పై పదివేల మీద పన్ను 30 శాతం అనుకుందాం. 3,000 అప్పు తెచ్చి 10,000 వేస్తే తగ్గే పన్ను సరిగ్గా 3,000. జీతంలో ముందే కోసిన పన్నులోంచి అది రిఫండ్‌గా రాగానే అప్పు తీర్చేస్తే సరి. 7 శాతం చొప్పున మూడు నెలలకు వడ్డీ 53 డాలర్లు కూడా దాటదు. కాకపోతే, ఇంకా కట్టాల్సిన పన్నేమైనా ఉంటే రిఫండ్ ఆ మేరకు తగ్గుతుంది. ముందే చూసుకోండి.

పదివేలూ అప్పే అయితే కథ వేరు. రిఫండ్ పోగా ఇంకా 7,000 మిగులుతుంది, అది ఏళ్ల తరబడి వాయిదాలు. మామూలు పెట్టుబడి కోసం చేసిన అప్పుకైతే వడ్డీని ఆదాయంలోంచి తీసేసే వీలుండొచ్చు, దీనికి ఉండదు. మధ్యలో ఉద్యోగం పోయి సొమ్ము వెనక్కి తీస్తే అది ఆదాయంలో కలుస్తుంది, ఖాతాలో ఇంతవరకే వేయొచ్చనే పరిమితిలో వాడుకున్నదీ తిరిగి రాదు. పొదుపు అలవాటు కావడానికి లోన్ అంటారు కొందరు. అలవాటు కోసం బ్యాంకుకి వడ్డీ కట్టాలా?

ఆగితే పోయేదేమీ లేదు, వాడని పరిమితి తర్వాతి ఏళ్లకు చేరుతుంది. జీతం పెరగబోయేవాళ్లకు ఆగడమే లాభం. ఇవాళ 20 శాతం మిగిల్చే డాలరు రేపు 40 మిగల్చొచ్చు. ఈలోగా దాచుకోవడానికి టీఎఫ్‌ఎస్‌ఏ (లాభాల మీద పన్ను పడని ఖాతా) ఉంది. నెలనెలా వేసేవాళ్లు టీ1213 ఫారంతో పన్నుల శాఖ సీఆర్‌ఏ అనుమతి తెచ్చుకుంటే జీతంలోనే పన్ను తక్కువ కోస్తారు, రిఫండ్ కోసం ఎదురుచూపులుండవు.

కొత్తగా దిగినవాళ్లు లోన్ కాగితాల మీద సంతకం పెట్టేముందు తమ పరిమితి ఎంతో చూసుకోవాలి. ఏ ఏడాది పన్ను లెక్కకైనా అది అంతకు ముందు ఏడాది కెనడాలో సంపాదించినదాంట్లో 18 శాతం, దానికీ ఒక గరిష్ఠ హద్దుంది. మొదటి ఏడాది సాధారణంగా సున్నా. మీ పరిమితి కంటే 2,000 డాలర్లకు మించి ఎక్కువ వేస్తే, ఆ 2,000కు పైనున్న మొత్తం మీద నెలకు 1 శాతం జరిమానా పన్ను.