తంగేడా, వావిలా? పెరట్లో ఏది మేలు

తొలకరి పడిందంటే అందరిదీ ఒకటే ప్రశ్న. "నీళ్లు పోయకున్నా బతకాలి, పూలు పూయాలి, తేనెటీగలు రావాలి. తంగేడు పెట్టాలా, వావిలి పెట్టాలా?" పోయినేడు మా ఎర్ర చెలకలో కంచె పక్కన ఒక్క చెట్టుకే చోటుంది. నేనూ తేల్చుకోలేక నాలుగు రోజులు తిరిగి, చివరికి తంగేడు వేశాను.

ఎండను ఓర్చుకోవడంలో రెండూ మొండివే. కాకపోతే వావిలి వాగు ఒడ్డున పెరిగే అలవాటున్న చెట్టు, కాస్త తడి తగిలితేనే నిండుగా పూస్తుంది. తంగేడు మొదటి వేసవి గట్టెక్కిందంటే ఇక నీళ్లడగదు. మేకలు రెండింటి జోలికీ పెద్దగా పోవు.

అసలు తేడా పువ్వులో ఉంది. వావిలి ఊదా పూలగుత్తుల్లో తేనె ఉంటుంది కాబట్టి తేనెటీగలు ముసురుతాయి. తంగేడు పువ్వు అంత పచ్చగా మెరుస్తుందా, అందులో తేనె చుక్క కూడా ఉండదు! ఉన్నదల్లా పుప్పొడి. అదీ కేసరాల కొసన ఉన్న సన్నటి రంధ్రాల్లోంచే రావాలి. నల్ల తుమ్మెద పువ్వును గట్టిగా పట్టుకుని జుమ్మని అదిరిస్తేనే పొడి రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు.

తేనె లేని చెట్టెందుకూ అంటారా? వంగ, టమాటా పువ్వులదీ ఇదే తంతు. వాటి పుప్పొడీ అదిరిస్తేనే బాగా రాలుతుంది. మాకు వంగమడి ఉంది, తంగేడుకు వచ్చే తుమ్మెదే ఆ పూలనూ అదిరిస్తుంది, అందుకే నా ఓటు తంగేడుకు. పైగా పసుపు సీతాకోకచిలుకల పురుగులు దీని ఆకు తినే పెరుగుతాయి. ఆకులకు చిల్లులు పడ్డాయని మందు కొట్టకండి. ఇక బతుకమ్మకు పువ్వు కోసం ఊరి పొలిమేర దాకా పోయే పనీ తప్పుతుంది.

అయితే తుమ్మెదకూ కడుపుకు తేనె కావాలి, పుప్పొడి దాని పిల్లలకు. కాబట్టి రెండో చెట్టుకు చోటుంటే అది వావిలే. బాలింతల స్నానానికి ఆకూ దొరుకుతుంది. వంగ, టమాటా వేయనివాళ్లు, తేనెటీగలే కావాలనుకునేవాళ్లు ముందే వావిలి పెట్టుకోవచ్చు.

జిల్లేడు కూడా మంచిదే గానీ పాలు కంట్లో పడితే ప్రమాదం, పిల్లలున్న ఇంట్లో వద్దు. గన్నేరు మన కళ్లకే విందు, తేనెటీగలకు అందులో తేనె లేదు. అంతటా కమ్ముకుపోయే కలుపు మొక్క లాంటానా ఊసే ఎత్తకండి.

వావిలికి వానల్లో కొమ్మ గుచ్చితే చాలు. తంగేడు గింజ పెంకు గట్టిది. మరిగించి దించిన నీళ్లలో వేసి రాత్రంతా వదిలేయండి. తల్లివేరు లోతుకు పోయే చెట్టు, తర్వాత పీకి మార్చితే తట్టుకోదు, అందుకే ఉండాల్సిన చోటే విత్తండి. దగ్గర్లో ఎండు వెదురు బొంగులుంటే ఏరి పారేయకండి, తుమ్మెద వాటిలోనూ గూడు పెడుతుంది.