పలావ్ పగడపు దిబ్బలు: చెల్లించిన రుసుముకు దక్కినదేమిటి?

ఫిలిప్పీన్స్‌కు తూర్పున, పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న పలావ్ దేశానికి వెళ్లే విదేశీ పర్యాటకుల విమాన టికెట్ ధరలోనే 100 డాలర్ల పర్యావరణ రుసుము కలిసి ఉంటుంది. విమానం దిగాక పాస్‌పోర్టులో ప్రతిజ్ఞ ముద్ర వేసి, దాని కింద సంతకం చేయమంటారు. అక్కడి పిల్లలకు మాట ఇస్తున్నట్టు రాసిన ఈ ప్రతిజ్ఞ 2017 నుంచి అమలులో ఉంది. ఆ డబ్బుకు, ఆ సంతకానికి నీటి అడుగున ఏమైనా ఫలితం కనిపిస్తుందా అన్నదే నా ఆసక్తి.

ఈ ఏర్పాట్లు ఒక్క పలావ్‌తో ఆగేవి కావు. 2006లో పలావ్, మైక్రోనేషియా సమాఖ్య, మార్షల్ దీవులు, గువామ్, ఉత్తర మరియానా దీవులు కలిసి ‘మైక్రోనేషియా ఛాలెంజ్’ను చేపట్టాయి. తీరప్రాంత సముద్ర వనరులలో 30 శాతాన్ని, నేల మీది వనరులలో 20 శాతాన్ని 2020 నాటికి రక్షణలోకి తేవాలని అప్పట్లో అనుకున్నారు. తరువాత 2030 నాటికి 50, 30 శాతాలకు లక్ష్యం పెంచారు. ఒక దిబ్బ దగ్గర పుట్టిన పగడపు లార్వాలు ప్రవాహంలో కొట్టుకుపోయి మరో దిబ్బ మీద కుదురుకోవచ్చు. ట్యూనా చేపలు ఏ దేశపు హద్దులోనూ నిలిచి ఉండవు. అందువల్ల ఎవరి నీళ్లు వారు కాపాడుకుంటే సరిపోదు. పలావ్ మాత్రం 2015లో చేసిన చట్టం ప్రకారం, 2020 జనవరి 1 నుంచి తన ప్రత్యేక ఆర్థిక మండలంలో (చేపల వంటి వనరులపై తనకే హక్కులున్న సముద్ర ప్రాంతంలో) 80 శాతం మేర వేటను నిషేధించింది. దిబ్బల దగ్గర కొంతకాలం వేట ఆపించే ‘బుల్’ అనే కట్టడిని అక్కడి పెద్దలు పూర్వం నుంచే విధించేవారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులపాటు అమలయ్యే వేట నిషేధం తెలిసినవారికి ఇందులోని తర్కం వెంటనే బోధపడుతుంది.

చూసిన చోట్లలో నా ఓటు కొరోర్ పట్టణానికి దగ్గరలోని నిక్కో బే‌కే. ఇక్కడి నీరు బయటి సముద్రం కంటే వెచ్చగా, ఆమ్లగుణం ఎక్కువగా ఉన్నా పగడాలు దట్టంగా బతుకుతున్నాయి; అందుకే శాస్త్రజ్ఞులు ఈ చోటును ప్రత్యేకంగా అధ్యయనం చేస్తున్నారు. కయాక్‌లో సున్నపురాతి దీవుల నీడలో మెల్లగా సాగుతూ కిందికి చూస్తే, నీటి మట్టానికి కొద్ది అడుగుల లోతులోనే ఆకుల దొంతరల్లా పరుచుకున్న పగడాలు కనిపిస్తాయి.

పేరుమోసిన జెల్లీఫిష్ లేక్ కోసం 100 డాలర్ల అనుమతి పత్రం కొనాలి. రాక్ ఐలాండ్స్ అనే సున్నపురాతి దీవుల వరకైతే 50 డాలర్లు చాలు. నిటారుగా ఉన్న రాతి దారిలో గుట్ట ఎక్కి దిగాక సరస్సు వస్తుంది. సుమారు 15 మీటర్ల కింద విషపూరితమైన హైడ్రోజన్ సల్ఫైడ్ పొర ఉన్నందువల్ల స్కూబాకు అనుమతి లేదు, పైన ఈదవలసిందే. 2016 కరువులో దాదాపు కనుమరుగైన బంగారు రంగు జెల్లీ చేపలు తరువాత మళ్లీ పెరిగాయి. ఎండ వాటంలో అవి గుంపుగా కదులుతుంటే మధ్యలో తేలడం మరిచిపోలేని అనుభవమే, కానీ ఈత అంతగా రానివారికి ఆ అదనపు 50 డాలర్లు గిట్టుబాటు కావు. తెల్లబురద పూసుకునే ‘మిల్కీ వే’ అనే ఉప్పునీటి మడుగు ఫొటోలకే పనికొస్తుంది.

బస విషయంలో రిసార్టుల కంటే కొరోర్‌లోని చిన్న అతిథి గృహాలే మేలనిపించింది. గది సాదాగా ఉన్నా, మిగిలిన డబ్బు మంచి పడవకూ, గైడుకూ పనికొస్తుంది. శాకాహారులకు ఇబ్బంది తప్పదు: పడవ మీద ఇచ్చే బెంటో డబ్బాలో అన్నం పక్కన చేపో, మాంసమో ఉంటుంది, కాబట్టి ముందుగానే చెప్పి పెట్టుకోవాలి. మాంసాహారులు హోటళ్లలో దిబ్బల చేపలకు బదులు ట్యూనా అడగడం దిబ్బలను కాపాడాలన్న అక్కడి ఉద్దేశానికి అనుగుణం.

పడవ నిర్వాహకులలో తేడాలున్నాయి. మేము మాట్లాడుకున్న ఒక సంస్థ అనుమతి రుసుము సంగతి చివరి నిమిషం వరకు ఎత్తలేదు. మరొకరి గైడు మాత్రం పగడాల మీద కాలు మోపవద్దని బయలుదేరే ముందే కచ్చితంగా చెప్పి, మా సన్‌స్క్రీన్ సీసాలను కూడా తిప్పి చూశాడు. పగడాలకు హాని చేసే ఆక్సీబెంజోన్ వంటి రసాయనాలున్న సన్‌స్క్రీన్ల అమ్మకం అక్కడ 2020 నుంచి నిషిద్ధం.

భారతీయ పాస్‌పోర్టుతో గువామ్ మీదుగా వెళ్లాలంటే అమెరికా వీసా అవసరం. కాబట్టి మనీలా లేదా తైపే మార్గాన్ని చూసుకుని, వాటి నియమాలు తెలుసుకున్నాకే టికెట్ తీసుకోవాలి.