650 వాట్లని రాసి 300 అంటగట్టాడు, జాగ్రత్త

కోపం ఇంకా దిగలేదు, కాబట్టి మర్యాదలు ఆశించకండి. కంప్యూటర్ విడిభాగాలు అమ్మే ఆ మహానుభావుడు ఎవరో మీలో చాలామంది ఇట్టే పోల్చుకుంటారు, పేరు రాయను. అట్టపెట్టె మీద అరచేతంత అక్షరాలతో "650 వాట్లు" అని ఉన్న పవర్ సప్లై, అంటే కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా, అతని దగ్గరే కొన్నాను. నాది ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు, రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్. ఆ కార్డు చిప్పు తయారుచేసే ఎన్‌విడియా దానికి సూచించేది కూడా 650 వాట్ల సప్లైనే. ఇంకేం, లెక్క కుదిరింది!

సినిమాలు, బ్రౌజరు అన్నీ బాగానే నడిచాయి. గేమ్ పెడితే మాత్రం తెర నల్లబడి కంప్యూటర్ మళ్లీ మొదటి నుంచి లేచేది. ర్యామ్‌ను అనుమానించాను, విండోస్‌ను తిట్టాను, సప్లై వైపు చూడనే లేదు. చివరికి భాగాలన్నీ తగిలించే మదర్‌బోర్డు పోయింది.

సప్లై ఊడదీసి అతని ముందు పెట్టాను. ఏం చేశాడో చూడండి. సప్లై నుంచి బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టరులో పచ్చ వైరుకూ నల్ల వైరుకూ మధ్య ఒక పేపర్ క్లిప్పు గుచ్చాడు. ఫ్యాను తిరిగింది. "తిరుగుతోంది కదండీ! ఇది బ్రహ్మాండంగా ఉంది. మీ బోర్డే నాసిరకం" అని క్లిప్పు జేబులో వేసుకున్నాడు. పరీక్ష అయిపోయిందట. ఎద్దు లేచి నిలబడింది కాబట్టి బండెడు బరువు లాగుతుందన్నమాట! ఆ రెండు వైర్లూ కలిపితే సప్లై ఆన్ అవుతుంది, అంతే. లోడు పడినప్పుడు వోల్టేజీ నిలుస్తుందో లేదో దాంతో తెలియదు. ఆ సంగతి అతనికి తెలియదనుకోను.

సప్లై 12, 5, 3.3 వోల్టుల కరెంటును విడివిడిగా ఇస్తుంది, ఏది ఎంతో దాని లేబుల్ మీద ఉంటుంది. ఆ లేబుల్ తిప్పి చూపించాను. 12 వోల్టుల దగ్గర 25 ఆంపియర్లని ఉంది. పన్నెండు ఇరవై అయిదులు 300. మిగతా వాట్లు ఎక్కడండీ అంటే, "650 అనేది పీక్, అంటే క్షణకాలం ఇచ్చేది. చదువుకున్నవారిలా ఉన్నారు, లేబుల్ చదువుకుని కొనాలి కదా" అన్నాడు. పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఆ లేబుల్ ఉన్నది సీలు వేసిన పెట్టె లోపల. నిజమే, ఎక్స్‌రే కళ్లు పెట్టుకుని వెళ్లవలసింది.

ఇప్పుడు లెక్క చూడండి. 3070 కార్డు అధికారికంగా 220 వాట్లు తీసుకుంటుంది. 65 వాట్లని చెప్పే నా ప్రాసెసర్ నిజానికి 76 దాకా వెళ్తుంది. ఈ రెండింటికే 296. ఫ్యాన్లూ మిగతావీ ఎటూ ఉన్నాయి. పైగా కార్డు క్షణకాలం 220 కంటే చాలా ఎక్కువ లాగుతుంది. ఇదంతా దాదాపుగా 12 వోల్టుల మీదే పడుతుంది. 3.3, 5 వోల్టుల దగ్గర పెద్ద అంకెలు వేసి మొత్తం పెంచి చూపితే కార్డుకు ఒరిగేదేమీ లేదు.

పెట్టె మీద 80 ప్లస్ ముద్ర కూడా ఉంది. ఆ ధ్రువీకరణ పొందిన మోడళ్ల జాబితా ఎవరైనా చూడవచ్చు, ఇంటికొచ్చి వెతికితే నా మోడల్ అందులో లేదు. ఉన్నా అది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్ర మాత్రమే, బోర్డును కాపాడుతుందన్న హామీ కాదు.

వారంటీ సంగతా? సప్లై "బ్రహ్మాండంగా" ఉంది కాబట్టి మార్చరట. బోర్డు వాళ్లు అమ్మింది కాదు కాబట్టి సంబంధం లేదట.

కొనబోయేవాళ్లు లేబుల్ ఫోటో ముందే అడగండి. 12 వోల్టుల ఆంపియర్లను పన్నెండుతో గుణించి, వచ్చినది పెట్టె మీది అంకెకు దగ్గరగా లేకపోతే వదిలేయండి. నాలాగే బోర్డు పోగొట్టుకున్నవాళ్లు ఆ సప్లైనే కొత్త బోర్డుకు తగిలించి "ఒకసారి చూద్దాం" అనుకోకండి.