తిరుపతిలో మూడు రోజులు: దర్శనం సరే, పొట్ట సంగతి?

తెల్లవారుజామున నాలుగున్నరకు తిరుపతి స్టేషన్‌లో దిగాం. నేను, మా ఆయన, ఎనిమిదో తరగతి చదివే మా వాడు, డెబ్బై దాటిన అత్తయ్య. ఒంగోలులో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను నేను. జీర్ణవ్యవస్థ బొమ్మ బోర్డు మీద వేసీ వేసీ ఇరవై ఏళ్లు దాటింది. ఈ మూడు రోజుల్లో ఆ బొమ్మ మా నలుగురి పొట్టల్లోనూ నడవడం చూశాను. అందుకని రూములకీ, హోటళ్లకీ నేను వేసే మార్కులు కొంచెం తేడాగా ఉంటాయి, ఏమీ అనుకోకండి.

ముందు రూము. దేవస్థానం వాళ్ల విష్ణు నివాసం రైల్వే స్టేషన్ ఎదురుగానే ఉంటుంది, శ్రీనివాసం బస్టాండు ఎదురుగా. రెండూ అనువైనవే, కానీ మా తేదీకి ఆన్‌లైన్‌లో దొరకలేదు. గోవిందరాజస్వామి గుడి వైపు ఒక సందులో ప్రైవేటు లాడ్జి తీసుకున్నాం. ఫోటోల్లో ఏసీ ఉంది, టీవీ ఉంది, పూల కర్టెన్ ఉంది. బాత్రూమ్ ఫోటో లేదు. లేదని అప్పుడే అనుమానం రావాల్సింది నాకు! లోపల ఇండియన్ టాయిలెట్, అదీ ఒక్కటే. అత్తయ్య మోకాళ్లు వంగవు.

ఆరింటికి మా ఆయన కింద బండి దగ్గర నుంచి కాఫీలు తెచ్చారు. ఇక చూడండి. పొట్టలోకి ఏదైనా పడగానే పెద్దపేగుకి కబురు వెళ్తుంది, పైనుంచి కొత్త సరుకు వస్తోంది, పాతది ఖాళీ చెయ్యమని. ఈ స్పందన పొద్దున్నే గట్టిగా ఉంటుంది, కాఫీ దానికి ఇంకాస్త ఊపునిస్తుంది. నలుగురికీ పది నిమిషాల తేడాలో కబురు అందింది. తలుపు ఒక్కటే. మేనేజరుని బతిమాలితే కింద స్టాఫ్ వాడే కమోడ్ గది తాళం ఇచ్చాడు. అత్తయ్యను రెండంతస్తులు దించి, మళ్లీ ఎక్కించాం. లాడ్జికి ఫోన్ చేసినప్పుడు ఏసీ గురించి తర్వాత అడగండి. కమోడా, ఇండియనా, ఎన్ని ఉన్నాయి, లిఫ్టు ఉందా అని అడగండి. పెద్దవాళ్లు వెంట ఉంటే మరీనూ.

టిఫిన్‌కి మాత్రం తిరుపతిని వంక పెట్టలేం. సందు చివర చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాం, చెనిక్కాయల చట్నీతో. ఇక్కడివాళ్లు దాన్ని ఊరిబిండి అంటారు. ఇడ్లీ పిండి రాత్రంతా పులిసి, పొద్దున ఆవిరి మీద ఉడుకుతుంది. సూక్ష్మజీవులు పొట్ట చేసే పనిలో కొంత ముందే చేసి పెట్టేస్తాయి. అలాంటి తేలిక తిండి రెండు గంటల్లో చాలావరకు పొట్ట దాటిపోతుంది. మా వాడికి ఇడ్లీ ఎక్కలేదు. పూరీ అన్నాడు. మూడు పూరీలు, పైన ఇంకొకటి, బంగాళాదుంప కూర. “కొండెక్కాలిరా” అన్నాను. “అందుకే కదమ్మా తింటున్నా” అన్నాడు.

నడక దారులు రెండు. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. లెక్క చూసి చాలామంది శ్రీవారి మెట్టు దారి సులువనుకుంటారు. త్వరగా అయిపోతుంది నిజమే, కానీ తెరిపి లేకుండా ఎక్కుడే. అలిపిరిలో గాలిగోపురం దాటాక చాలాసేపు చదునుగా నడవొచ్చు, మధ్యలో నీడ, మంచినీళ్లు, టాయిలెట్లు ఉంటాయి. సామాను కింద ఇస్తే పైకి ఉచితంగా చేరుస్తారు. నా ఓటు అలిపిరికే. అత్తయ్య, ఆయన బస్సులో వెళ్లారు.

గాలిగోపురం ఇంకా రాకముందే మా వాడు డొక్క పట్టుకుని కూర్చున్నాడు. మెట్లెక్కేటప్పుడు కాళ్ల కండరాలకు రక్తం ఎక్కువ కావాలి, శరీరం ఆ మేరకు పేగుల వాటా తగ్గిస్తుంది. పొట్టలో నాలుగు పూరీలు అలాగే ఉన్నాయి. పైగా నూనె. కొవ్వు చిన్నపేగు మొదట్లోకి చేరగానే అక్కడ కొలెసిస్టోకైనిన్ అనే హార్మోన్ విడుదలై, ఇంకాస్త నెమ్మదిగా పంపమని పొట్టకి చెబుతుంది. ఇడ్లీకి రెండు గంటలైతే పూరీకి నాలుగైనా పడుతుంది. మేం బయల్దేరింది ముప్పావు గంటకే. పక్కన కాలువలో కక్కుకున్నాక వాడి ముఖం తేటపడింది. అరగంట కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా నీళ్లు తాగించి, మళ్లీ ఎక్కించాను. మోకాళ్ల పర్వతం దగ్గర దారి ఎంత నిటారుగా ఉంటుందో తెలుసుగా. అక్కడ వాడే నా చెయ్యి పట్టుకుని లాగాడు.

క్యూ గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. కంపార్ట్‌మెంట్లలో ప్రసాదం పెడతారు, పిల్లలకి పాలిస్తారు, టాయిలెట్లూ ఉంటాయి. కొండ మీద ప్లాస్టిక్ సీసాలు నిషేధం కాబట్టి స్టీలు సీసా వెంట ఉంచుకుంటే జలప్రసాదం కుళాయిల దగ్గర నింపుకోవచ్చు. క్యూలో టాయిలెట్‌కి లేవాల్సి వస్తుందని చాలామంది నీళ్లు మానేస్తారు. ఆ పని చెయ్యకండి. తిన్న పిప్పిలోంచి నీళ్లు పీల్చేది పెద్దపేగే. ఒంట్లో నీళ్లు తక్కువైతే ఇంకా పిండేస్తుంది. మర్నాడు బాధపడేది మీరే.

దర్శనం అయ్యాక తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం. ఈ యాత్ర మొత్తంలో నా ఫుల్ మార్కులు దీనికి. కొండ మీద నిత్యాన్నదానం 1985లో మొదలైంది, ఈ పెద్ద భవనం 2011లో వచ్చింది. ఒకేసారి వేల మంది కూర్చుంటారు. ఆకు మీద ముందు చక్కెర పొంగలి, తర్వాత అన్నం, కూర, సాంబారు, రసం, మజ్జిగ. ఉల్లి, వెల్లుల్లి ఉండవు, నూనె తక్కువ, అన్నం పొగలు కక్కుతూ ఉంటుంది. నలతగా ఉన్న పొట్టకి ఇంతకంటే మంచి భోజనం తిరుపతి మొత్తంలో డబ్బులిచ్చినా నాకు దొరకలేదు.

ఒక్కటే ఇబ్బంది, వేగం. బయట తర్వాతి పంక్తి వాళ్లు నిలబడి ఉంటారు కాబట్టి అందరం గబగబా మింగుతాం. సాంబారు బకెట్ ఇంకా రెండు వరసల అవతల ఉండగా మా వాడితో ఒక ప్రయోగం చేయించాను. ఉత్త అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగకుండా నమలమన్నాను. “తియ్యగా అయిందమ్మా!” అన్నాడు కళ్లు పెద్దవి చేసి. లాలాజలంలోని అమైలేజ్ పిండి పదార్థాన్ని చక్కెరగా విడగొట్టడం అక్కడే మొదలుపెడుతుంది. పొట్టకి పళ్లు లేవు కదా, నోరు చెయ్యని పని దాని నెత్తిన పడుతుంది. ఎదురు వరసలో పెద్దాయన ఒకరు మా మాటలు విని తనూ ఒక ముద్ద నమిలి చూసి తలూపారు.

ఇక లడ్డూ. అత్తయ్యకు పోయిన ఏడాది పిత్తాశయం తీసేశారు. కాలేయం పైత్యరసం తయారు చేస్తూనే ఉంటుంది, పిత్తాశయం దాన్ని దాచి చిక్కబరుస్తుంది. నెయ్యీ నూనే పేగులోకి రాగానే, ఇందాక చెప్పిన హార్మోనే దాన్ని పిండి రసాన్ని ఒక్కసారిగా వదిలిస్తుంది. సబ్బు జిడ్డును విడగొట్టినట్టు ఆ రసం కొవ్వును చిన్న చిన్న బిందువులు చేస్తుంది. సంచి తీసేసినవాళ్లకు రసం చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది కానీ, అవసరానికి దోసెడు రాదు. కాస్త కాస్త కొవ్వైతే సర్దుకుంటుంది. లడ్డూ అంటే 175 గ్రాముల సెనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు. నాలుగో వంతు ఇచ్చి, మిగతాది రేపని చెప్పాను. “స్వామి ప్రసాదానికి కూడా లెక్కలేంటే” అని ఆవిడ నేను చూడనప్పుడు సగానికి పైగా తినేశారు. ఆ రాత్రి నాలుగుసార్లు లేచారు. కొండ మీద మాకు దొరికింది తక్కువ అద్దె గది. దుప్పట్లు పలుచన, గోడకి చెమ్మ. కానీ కమోడ్ ఉంది, రాత్రంతా నీళ్లొచ్చాయి. కింద లాడ్జికి ఇచ్చిన డబ్బులో చిన్న వంతు కూడా కాదు దాని అద్దె. నా లెక్కలో అదే పెద్ద హోటలు.

రెండో రోజు కిందికి దిగి చంద్రగిరి కోట చూశాం. రాత్రి పదింటికి రోడ్డు పక్క హోటల్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు. రుచి అమోఘం, కారం అంతకన్నా. మా ఆయన రెండు ముద్దలు లాగించి, రూముకొచ్చి వెంటనే పడుకున్నారు. అర్ధరాత్రి గొంతులో మంటతో లేచారు. అన్నవాహిక అడుగున బిగుసుకుని ఉండే కండరపు వలయం వదులైతే పొట్టలోని ఆమ్లం పైకొస్తుంది, పడుకుంటే దానికి మరీ సులువు. లాడ్జి తలగడ అప్పడంలా ఉంది. రూము బాయ్‌ని లేపితే కంబళి మడతపెట్టి తెచ్చిచ్చాడు పాపం. తల వైపు ఎత్తు పెట్టి ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాను. ఎడమకి తిరిగితే పొట్ట సంచి అన్నవాహిక కన్నా కిందకి ఉంటుంది.

మూడో రోజు కాణిపాకం. తిరుపతి నుంచి సుమారు 70 కిలోమీటర్లు, బస్సులు తరచుగా ఉన్నాయి. దర్శనం గంటలో అయిపోయింది. మధ్యాహ్నం అత్తయ్యకు పెరుగన్నం, మాకందరికీ భయంతో పెరుగన్నమే.

సాయంత్రం రైలు. గూడూరు దాటాక మా వాడు సంచిలోంచి మిగిలిన లడ్డూ తీస్తూ అడిగాడు, “మొన్న రాత్రి తిన్న లడ్డూ ఇప్పుడు ఎక్కడుంటుందమ్మా?” నోటి నుంచి చివరిదాకా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుందని చెప్పాను. చిన్నపేగు ఆరు మీటర్లు దాటేసి ఉంటుంది, పెద్దపేగు మీటరున్నరలో ఎక్కడో నింపాదిగా వెళ్తుంటుంది. “అయితే మనతోపాటే ఒంగోలు వస్తోందన్నమాట” అన్నాడు.

“నాది రాలేదు నాయనా,” అన్నారు అత్తయ్య కిటికీ పక్కనుంచి, “కొండ మీదే దిగిపోయింది.”