8×12 అడుగుల గ్రీన్ క్లాత్ కిట్: క్లాత్‌కి నాలుగు స్టార్లు, స్టాండ్లకి రెండే

ఫొటోలో బ్యాక్‌గ్రౌండ్ మార్చుకోవడానికి మనిషి వెనక కట్టే పచ్చ గుడ్డ కిట్ ఇది, ఆన్‌లైన్‌లో మామూలుగా దొరికేదే: పాలిస్టర్ గుడ్డ, రెండు స్టాండ్లు, అడ్డ రాడ్డు, నాలుగు క్లిప్పులు. గుడ్డకి మెరుపు తక్కువ, మస్లిన్ నూలు గుడ్డలా అంతగా ముడతలు పడదు. కొత్తలో ఉండే మడత గీతలు మాత్రం ఆవిరి ఇస్త్రీకి గానీ లొంగవు. వాటిని వదిలేస్తే నీడ పడిన చోట పచ్చ ముదిరి, బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక అక్కడే మచ్చలు మిగులుతాయి. గుడ్డ పలచన కూడా, వెనక కిటికీ ఉంటే మూసేయాల్సిందే.

స్టాండ్ల సంగతి చెప్పక్కర్లేదు. కాళ్ల మీద ఇసుక సంచులు వేయకపోతే ఫ్యాన్ గాలికే ఊగుతాయి.

మనిషిని గుడ్డకి ఆరడుగులు ముందు నిలబెట్టండి. దగ్గరైతే పచ్చ వెలుగు చెంపల అంచుకి, జుట్టుకి, అన్నిటికన్నా ఎక్కువగా జరీకి అంటుకుంటుంది. బంగారు అంచు నిమ్మకాయ రంగులోకి తిరిగిందంటే ఫొటోషాప్‌లో గంట పనే. గుడ్డకి రెండు పక్కలా విడిగా లైట్లు పెట్టి, మనిషి మీది వెలుతురు కన్నా అర స్టాప్ (స్టాప్ అంటే వెలుతురు కొలత, ఒకటి తగ్గితే వెలుతురు సగమవుతుంది) తక్కువ ఉంచితే చాలు. జేపెగ్ రంగు వివరాన్ని కుదించేస్తుంది కాబట్టి కెమెరా సెన్సర్ పట్టిన వివరాన్ని అలాగే ఉంచే రా ఫార్మాట్‌లోనే తీయండి, బ్యాక్‌గ్రౌండ్ తీసేటప్పుడు వెంట్రుకలు గుడ్డ నుంచి శుభ్రంగా విడిపోతాయి.

కొత్త బ్యాక్‌గ్రౌండ్‌ని షూటింగ్‌కి ముందే ఎంచుకోవాలి. అందులో ఎండ ఎడమ నుంచి వస్తుంటే మెయిన్ లైటూ ఎడమనే ఉండాలి. పచ్చ గుడ్డ ముందు చిలకపచ్చ చీర కూడా బ్యాక్‌గ్రౌండ్‌తో పాటే మాయమవుతుంది కాబట్టి, అలాంటి పట్టుచీరతో వచ్చేవాళ్ల కోసం నీలం గుడ్డ ఒకటి విడిగా కొనుక్కోక తప్పదు.