రాజకీయాలు మాట్లాడరాదు, సిలోన్ గురించి మాట్లాడొచ్చు

ముందే చెప్తున్నా, ఈ హోటల్ పేరు రాయను. ఉన్నవే ఆరు బల్లలు, మీరంతా వచ్చి కూర్చుంటే నాకు చోటు దొరకదు. కాజీపేట నుంచి హన్మకొండ వచ్చే రోడ్డు మీద, టైర్ల షాపు పక్కన, బయట రెండు సిమెంటు బెంచీలుంటాయి, అదే. తెలిసినవాళ్లకు తెలిసిపోతుంది.

చాయ్ పదిహేను రూపాయలు. పొద్దున ఆరున్నరకు తాగితే చిక్కగా, కొంచెం వగరుగా, నిద్రమత్తు వదిలేలా ఉంటుంది. సాయంత్రం ఏడు దాటాక మాత్రం అదే డికాషన్‌ను మరిగించి మరిగించి చేదెక్కిస్తారు, అడిగితే చక్కెర ఇంకో చెంచా వేసి ఇస్తారు, అంతే. చోటా సమోసాలో ఉల్లిగడ్డ బాగుంటుంది, నూనె ఎక్కువ. ఉస్మానియా బిస్కెట్లు బయటి బేకరీ నుంచి వస్తాయి, వచ్చిన రోజు తింటే వెన్నలా కరుగుతాయి, మూడో రోజుకు మెత్తబడతాయి. వన్ బై టూ అడిగితే మొహం మాడ్చుకోరు, ఈ రోజుల్లో అది కూడా గొప్పే.

ఇక మూల బల్ల సంగతి. కౌంటర్ వెనక గోడకు ఎర్ర రంగుతో ఒక బోర్డు ఉంటుంది, 'ఇక్కడ రాజకీయాలు మాట్లాడరాదు' అని. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు రెండు పార్టీల వాళ్లు ఇక్కడే తిట్టుకొని, నాలుగు గ్లాసులు, ఒక కుర్చీ కాలు విరగ్గొట్టాక సేట్ రాయించాడు. అప్పటిదాకా రోజూ మన ఎమ్మెల్యేల పంచాయితీ చేసే పెద్దమనుషులకు నోరు కట్టేసినట్టయింది. రెండు రోజులు క్రికెట్ మాట్లాడి చూశారు, రక్తి కట్టలేదు. మూడో రోజు రైల్వేలో గార్డుగా రిటైరైన సార్ ఒకాయన శ్రీలంక గురించి మొదలుపెట్టాడు. సేట్ కౌంటర్ మీద బిళ్లతో టకటక కొట్టి బోర్డు చూపిస్తే, "అది సిలోన్ ముచ్చట సేట్, రాజకీయం గాదు" అన్నాడట. సేట్ ఆలోచించి, ఆ దేశంలో ఓటున్నవాడు ఎవడూ తన దగ్గర చాయ్ తాగడు కాబట్టి గ్లాసులకు ప్రమాదం లేదని ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి ఆ బల్ల పేరే సిలోన్ బల్ల.

సార్ ఇప్పటికీ శ్రీలంక అనడు, పాత పేరు సిలోన్ అనే అంటాడు, చిన్నప్పుడు రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు విన్న తరం. నేను గ్రూప్స్‌కు చదువుకుంటూ నయీంనగర్‌లో రూమ్‌లో ఉంటాను, అంతర్జాతీయ సంబంధాలు అనే టాపిక్ నాకు కోచింగ్‌లో ఎక్కలేదు, ఇక్కడ ఎక్కింది. ఎట్లా ఎక్కిందో ఒక్క సాయంత్రం సంగతి చెప్తా.

2024 సెప్టెంబరు 21న అక్కడ అధ్యక్ష ఎన్నిక జరిగింది. మర్నాడు ఆదివారం, ఎవరికీ సగం ఓట్లు దాటలేదు, ఆ దేశ చరిత్రలో మొదటిసారి రెండో లెక్కింపు చేస్తున్నారు అని టీవీలో స్క్రోలింగ్ వస్తోంది. "మళ్ల ఓటేస్తరా సార్?" అని అడిగాను. ఆయన నా ప్లేటు తన వైపు లాక్కున్నాడు. అందులో మూడు బిస్కెట్లున్నాయి, చాలవని కుర్రాణ్ని పిలిచి ఇంకో ఏడు తెప్పించాడు. పది బిస్కెట్లు, అంటే మొత్తం దేశం. నాలుగు ఒక సాసర్‌లో, ఇది అనుర కుమార దిసనాయకే, 42 శాతం. మూడు ఇంకో సాసర్‌లో, సజిత్ ప్రేమదాస, 32 దాటింది. రెండు రణిల్ విక్రమసింఘేవి, 17. ఒకటి మిగతా అందరిదీ. "నువ్వు మన పట్టభద్రుల ఎమ్మెల్సీకి ఓటేసినవు గదా, ఒకటి, రెండు, మూడు అని నంబర్లు పెట్టలే? గదే." 2021లో వరంగల్–ఖమ్మం–నల్గొండ స్థానానికి డెబ్బై మందికి పైగా నిలబడి, బ్యాలెట్ పేపరు దినపత్రికంత అయి, లెక్కింపు రోజుల తరబడి నడిచింది అందరికీ గుర్తే కదా. మన దగ్గర అడుగున ఉన్నవాణ్ని ఒక్కొక్కణ్ని తీసేసుకుంటూ పోతారు. అక్కడ మొదటి ఇద్దరిని ఉంచి మిగతా అందరినీ ఒకేసారి తీసేస్తారు, వాళ్లకు పడ్డ ఓట్లలో ఈ ఇద్దరిలో ఎవరికి తర్వాతి నంబరు వేశారో చూస్తారు. అంటే మూడు బిస్కెట్లు విరగ్గొట్టి పంచాలి.

ఇక్కడే నాకు మతి పోయింది. రాత్రి ఫలితం వచ్చాక సార్ లెక్క వేశాడు. తీసేసినవాళ్ల ఓట్లు 33 లక్షల దాకా ఉంటే, అందులో అనురకు కలిసింది లక్షా ఐదు వేల పైచిలుకు, సజిత్‌కు కలిసింది లక్షా అరవై ఏడు వేల పైచిలుకు. ఎక్కువ మంది ఒక్క నంబరే వేసి ఊరుకున్నారన్నమాట. మూడు బిస్కెట్లలో కదిలింది పావు బిస్కెట్, అందులో పెద్ద ముక్క ఓడినవాడికే పోయింది, అయినా అనురే గెలిచాడు. మిగిలిన రెండుముప్పావు బిస్కెట్లను సార్ చాయ్‌లో ముంచుకొని తినేశాడు. నవంబరులో పార్లమెంటుకు జరిగిన ఎన్నికల్లో, 2020లో మూడే సీట్లున్న అనుర కూటమికి 225లో 159 వచ్చినప్పుడు కూడా బిస్కెట్లు తెస్తాడేమోనని నేను ప్లేటు ఒళ్లో పెట్టుకున్నాను. పది బిస్కెట్ల బిల్లు నా ఖాతాలోనే రాశారు, ఒక స్టార్ అందుకే కోశాను.

ఈ బల్ల మీద పుస్తకంలో దొరకనిది ఇంకోటి ఉంది, ప్రతివాడూ పక్క దేశాన్ని తన బతుకు లోంచే చూస్తాడు. లంకలో 2021లో రసాయన ఎరువులను ఒక్కసారిగా నిషేధించారు, పంట దెబ్బతిని నవంబరుకల్లా వెనక్కి తగ్గారు అని సార్ చెప్తుంటే, పరకాల వైపు నుంచి వచ్చే రైతు ఒకాయన గ్లాసు కింద పెట్టి, "యూరియా లేకుండ వరి ఎట్ల పండుతది సార్, వాళ్లకు చెప్పేటోడు లేడా" అని నిజంగానే బాధపడ్డాడు. మరుసటి ఏడాది జనం అప్పటి అధ్యక్షుడు గొటబయ ఇంట్లోకి చొరబడి ఈతకొలనులో దూకింది ఆయనకు పెద్ద వింతగా అనిపించలేదు. గొటబయ దేశం దాటి సింగపూర్ నుంచి ఈమెయిల్‌లో రాజీనామా పంపింది మాత్రం ఇప్పటికీ చెప్పించుకొని నవ్వుతాడు. ఏనుమాముల మార్కెట్‌లో పత్తి వ్యాపారం చేసే అన్నకు బంగ్లాదేశ్ ఒక్కటే దేశం, ఎందుకంటే మన పత్తి, నూలు పెద్ద ఎత్తున కొనేది వాళ్లే. 2024 ఆగస్టు 5న అక్కడి ప్రధాని హసీనా దేశం వదిలి హెలికాప్టర్ ఎక్కిన రోజు అందరూ ఆమె ఎక్కడ దిగిందా అని చూస్తుంటే ఆయన సరిహద్దులో లారీలు కదులుతున్నాయా లేదా అని ఎవరికో ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

నేపాల్ దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడి మావోయిస్టు నాయకుడు ప్రచండ పేరు వచ్చిందంటే రెండు నిమిషాల్లో మాట ములుగు అడవుల్లోకి వచ్చేస్తుంది, 2004లో మన ప్రభుత్వం నక్సలైట్లతో జరిపిన చర్చల దాకా పోతుంది, పెద్దవాళ్ల గొంతులు తగ్గుతాయి. వెంటనే సేట్ టీవీ సౌండ్ పెంచుతాడు. అది బోర్డు కంటే గట్టి హెచ్చరిక.

2025 సెప్టెంబరులో యువత ఆందోళనలతో నేపాల్ రాజధాని ఖాట్మండు తగలబడుతున్నప్పుడు బల్ల నిండిపోయింది. 275 సీట్లలో 165 నేరుగా, 110 పార్టీలకు వచ్చిన ఓట్ల దామాషాలో, అందుకే ఒక్క పార్టీకే మెజారిటీ రావడం కష్టం, 2008లో రాజరికం పోయాక ఒక్క ప్రధానీ ఐదేళ్లు నిండా ఉండలేదు అని సార్ ఊపు మీద ఉన్నాడు. తాత్కాలిక ప్రధానిగా సుశీలా కర్కి పేరు రాగానే కాశీలో చదివిన మనిషి అని అందరూ మన ఇంటి ఆడబిడ్డలా మాట్లాడారు. అప్పుడే మా కాలనీ గూర్ఖా నెల డబ్బులు వసూలు చేసుకుంటూ వచ్చాడు. చాయ్ ఇప్పించి, గద్దె దిగిన ప్రధాని ఓలీ ఎట్లాంటోడు అని అడిగితే గ్లాసు ఊదుకుంటూ, ఊళ్లో భార్యతో వాట్సాప్‌లోనే మాట్లాడతానని, ప్రభుత్వం 26 యాప్‌లు ఆపేసిన ఆ నాలుగు రోజులూ ఫోన్ కలవలేదని, వైబర్ ఆగలేదని ఎవరో చెబితే పెట్టుకున్నాడు గానీ ఆమె ఫోన్‌లో అది లేదని చెప్పాడు. ఇప్పుడు మాట్లాడుతున్నావా అంటే తల ఊపాడు. ఓలీ గురించి ఏమీ చెప్పలేదు. సార్ కూడా మళ్లీ అడగలేదు, దామాషా సీట్ల లెక్క ఆ రోజు అక్కడే ఆగిపోయింది.

మైనస్‌లు కూడా చెప్పాలి. యూట్యూబ్ థంబ్‌నెయిల్ చూసి 'ఆర్మీ దిగిందట' అని వచ్చే బ్యాచ్ ఒకటి ఉంది, సార్ "వీడియో తారీఖు ఎంత?" అని అడిగితే సగం మంది ఫోన్ జేబులో పెట్టుకుంటారు, మిగతా సగం వాదిస్తారు, చెవులు నొప్పి పుడతాయి. పాకిస్తాన్ ముచ్చట వస్తే లేచిపోండి, ఆ రోజు ఎవరికీ బిస్కెట్లు, లెక్కలు అక్కర్లేదు, అరుపులే. ఫ్యాన్ ఒక్కటే, అది కూడా కౌంటర్ మీద. బాత్రూమ్ గురించి రాయను. ఆర్డర్ తీసుకునే కుర్రాడు కూడా నిలబడి వింటాడు కాబట్టి చాయ్ ఆలస్యం, వచ్చేసరికి సగం చల్లారి ఉంటుంది.

ఫోన్‌పే తీసుకుంటారు, చిల్లర గొడవ లేదు. బండి టైర్ల షాపు ముందు పెట్టకండి, గాలి తీసేస్తాడు. సాయంత్రం వెళ్తే ఆరుకే వెళ్లండి, తర్వాత కుర్చీ ఉండదు. గోడ వైపు కూర్చోండి, బిస్కెట్ల ప్లేటు మాత్రం గార్డు సార్ చెయ్యి అందని చోట పెట్టుకోండి.